నిలబెట్టిన సీసాలు

సుభాషిణి ఉమ్మేసింది.

ఇంటి యజమాని శంకరయ్య ముందు, ఆయన అక్క ఐలమ్మ ముందు, తన కన్నతండ్రి బాపయ్య ముందు, ఏ మాత్రం మొహమాటం లేకుండా, నోట్లో పుక్కిలించిన వైన్‌ను సన్నని ధారగా ఇత్తడి పీక్‌దాన్‌లోకి వదిలింది. ఆ పీక్‌దాన్ శంకరయ్య తండ్రిది. ఆయన బతికినంత కాలం తాంబూలపు పిప్పిని మోసి, ఆయన పోయాక దేవుడి గది పక్క అల్మారాలో విశ్రాంతి తీసుకుంటున్నది. ఉమ్మడానికి ఏదైనా గిన్నె కావాలని అమ్మాయి అడగ్గానే, ఇంట్లో అంతకన్న గౌరవప్రదమైనది కనిపించక దాన్నే తెచ్చి పెట్టారు.

"మంచిగ లేదా బిడ్డా?" అన్నది ఐలమ్మ, గుండె మీద చెయ్యి వేసుకుని.

"మంచిగున్నా ఉమ్ముతనమ్మా. మా పని గంతే."

"మంచిగున్నదాన్ని గూడ ఉమ్ముతరా?"

"పొద్దంత పదుల రకాలు చూడాలె. అన్నీ మింగితే సాయంత్రానికి నన్ను నలుగురు మోసుకపోవాలె."

మెట్ల మీద కూర్చున్న యువకుడు పక్కున నవ్వాడు. అతడు ఆదర్శ్, శంకరయ్య కొడుకు. వయసు ముప్పై అయిదు. ముప్పై అయిదేళ్ళ మగవాణ్ణి యువకుడు అనడానికి మహారాష్ట్రలోని ఆ చంద్రపూర్‌లో ఎవరికీ అభ్యంతరం లేదు. ముప్పై రెండేళ్ళ సుభాషిణిని మాత్రం అవే వీధుల్లో, అవే నోళ్ళు, 'ఏజ్ దాటిన పిల్ల' అంటాయి. ఏ వస్తువు ఎప్పుడు పండుతుందో, ఎప్పుడు పాడవుతుందో తేల్చే విద్యను ఆమె నాసిక్ దగ్గర ఒక వైనరీలో పదేళ్ళు కష్టపడి నేర్చుకున్నది. ఆ నోళ్ళు మాత్రం ఏమీ నేర్చుకోకుండానే తేల్చేస్తాయి.

ఇప్పుడామె ముందు తేలవలసింది శంకరయ్య గారి తెల్ల వైన్ సంగతి.

ఆ కుటుంబం మూడు తరాలుగా గోల్ బజార్‌లో నూనె వ్యాపారం చేసింది. శంకరయ్య దానికి తోడు ఒక హోటల్, మందు పోసే పర్మిట్ రూం పెట్టాడు. ఒకనాడు ఏజెంట్ ఎవరో వచ్చి, వైన్ పాతబడేకొద్దీ గొప్పదవుతుందని చెప్పిపోయాడు. పాత బియ్యం, పాత బెల్లం, పాత చింతపండు విలువ తెలిసిన వర్తకుడికి అంతకన్న రుజువు అవసరం లేదు. పెట్టెలకు పెట్టెలు తెప్పించి, ఇంటి కింది రాతి తల్‌ఘర్‌లో అరల మీద వరసగా నిలబెట్టించాడు. దసరాకు తూకం రాళ్ళతో పాటు ఒక్కొక్క సీసా మెడకూ కుంకుమ బొట్టు పెట్టాడు. అంతలో జిల్లాలో మద్యనిషేధం వచ్చిపడింది. సరుకు కాగితాల మీద ఏదో పేచీ లేచి తల్‌ఘర్‌కు సీలు పడింది. ఏళ్ళ తరువాత నిషేధం పోయింది గాని పేచీ పోలేదు. అది పోయి, సీలు ఊడి, తలుపు తెరుచుకున్నది కిందటి నెలలో. ఈ తొమ్మిదేళ్ళూ శంకరయ్య ప్రతి దసరాకూ ఆ సీలు వేసిన తలుపుకే కొబ్బరికాయ కొడుతూ వచ్చాడు.

సెలవు మీద బాబుపేట్‌లోని ఇంటికి వచ్చిన సుభాషిణితో బాపయ్య అన్నాడు: "శంకరయ్య సేట్ మనోళ్ళే బిడ్డా. ఏదో సరుకు రుచి చూడాలంట. పోయొద్దాం పా."

బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన బాపయ్య, వైన్ రుచి చూడడానికి తాను కూడా ఎందుకు రావాలో, వచ్చినా ఇస్త్రీ చొక్కా ఎందుకు తొడగాలో, నిన్ననే జుట్టుకు రంగెందుకు వేసుకోవాలో ఆమె అడగలేదు. పాత తెల్ల వైన్ అనగానే ఆమె బుద్ధి మిగతావన్నీ గమనించడం మానేసింది. అది ఆమెకున్న దుర్గుణాల్లో ఒకటి.

"మేడం, నేను ఒకసారి ట్రై చెయ్యొచ్చా?" ఆదర్శ్ దగ్గరికి వచ్చాడు.

"తాగుడా, ఉమ్ముడా?"

"రెండూ."

"తాగుడు అందరికీ వస్తది. ఉమ్ముడే కష్టం. పెదాలు దగ్గర పెట్టి, నాలికెతోని నెట్టాలె."

అతడు బుద్ధిగా ఒక గుక్క తీసుకున్నాడు, పుక్కిలించాడు, గురి చూశాడు. ధార పీక్‌దాన్‌కు జానెడు ఇవతల, తన తెల్ల చొక్కా మీదనే పడింది.

"అరె, కాయ్ హే!" అన్నాడు కంగారుగా, మరాఠీలో తనను తానే మందలించుకుంటూ.

సుభాషిణి నవ్వు ఆపుకోలేకపోయింది. "రుచి ఎట్లున్నది? గది చెప్పండి ముందు."

అతడు చొక్కా సంగతి మరిచి ఆలోచించాడు. "కోసి మరిచిపోయిన యాపిల్ లెక్క. గోధుమ రంగుకొచ్చిన యాపిల్."

ఆమె అతని వైపు మొదటిసారి సరిగా చూసింది. సరిగ్గా ఆ మాటే ఆమె మనసులో ఉన్నది. చూపు కాస్త ఎక్కువసేపు నిలిచిందని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఇద్దరూ ఒకేసారి పీక్‌దాన్ వైపు చూశారు. ప్రణయ ఘట్టాల్లో నాయికానాయకులు చూడదగిన వస్తువు కాదది. కాని తల్‌ఘర్‌లో చూడడానికి అంతకన్న మంచిది లేదు.

"వంటొస్తదా బిడ్డా?" అడిగింది ఐలమ్మ ఉన్నట్టుండి.

"ఉప్పు తక్కువైతే వాసనతోనే చెప్తనమ్మా. వండుడు మా బాపు."

బాపయ్య దగ్గాడు. ఐలమ్మ ఆ జవాబును మనసులో ఏ ఖాతాలో వేయాలో తెలియక, "నాసిక్‌ల ఒక్కదానివే ఉంటవా?" అన్నది.

ఈ ప్రశ్నకూ వైన్‌కూ సంబంధమేమిటని సుభాషిణి తల ఎత్తింది. అప్పుడే పైన ఆకాశం ఉరిమింది. వానకు ముందు వచ్చే ఈదురుగాలి మెట్లు దిగి వచ్చి, మూలన ఉన్న పళ్ళెం మీది తువ్వాలును ఎగరగొట్టింది. పళ్ళెంలో కొబ్బరికాయ, తమలపాకులు, కుంకుమ భరిణె, ఆకుపచ్చ రవికెగుడ్డ.

సుభాషిణికి ఇస్త్రీ చొక్కా అర్థమయింది. జుట్టు రంగు అర్థమయింది.

అయిదు పెళ్ళిచూపులకు కూర్చున్న మనిషి ఆమె. మొదటివారు ఎత్తు అడిగారు, రెండోవారు జీతం అడిగి, చెప్పగానే అబ్బాయి జీతం కన్న ఎక్కువని లేచిపోయారు. మూడోవారు ఉద్యోగం పేరు విని, ఇంట్లో దేవుడున్నాడని చెప్పారు. మిగతా ఇద్దరూ వయసు విని ఏమీ చెప్పలేదు. ఆ అయిదిళ్ళలో ఒక్కరైనా 'నీకు మేం నచ్చామా' అని అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న అని వాళ్ళకు తెలియదు. ఇంకెన్నడూ అట్లా కూర్చోనని రెండేళ్ళ కిందట ఆమె ఒట్టు పెట్టుకున్నది. ఒట్టు తప్పించడానికి తండ్రి ఇంత దారి వెతికాడు.

ఇటు ఐలమ్మ సంగతీ చెప్పాలి. తమ్ముడి కొడుకు కోసం ఆమె ఏడుగురు అమ్మాయిలను చూసి, ఏడుగురికీ వంక పెట్టింది. ఇప్పుడు వంక పెట్టడానికి అమ్మాయిలు మిగలకపోయేసరికి ఆమె దృష్టి విశాలమైంది.

సుభాషిణి గ్లాసు కింద పెట్టి ఆదర్శ్ వైపు తిరిగింది. "మీకు ఎరుకేనా, ఇది చూపులని?"

"ఎరుకే."

అబద్ధం ఆడి ఉంటే కోపగించడం సులువయ్యేది. ఆడలేదు గనుక ఆమెకు కోపం రెట్టింపయింది.

"చెప్పలేదేం?"

"చెప్తే రారు గదా."

"మరి ఈ సీసాలు? గివి గూడ నాటకమేనా?"

"లేదు. గవి మాత్రం సచ్చీ. దసరాకు హోటల్ కొత్తగ తెరుస్తున్నం. మెనూ మొదటి పేజీల ఈ వైన్ పెట్టి, కింద మీ పేరు రాయాలని పప్పా కోరిక."

"సరే." ఆమె గొంతులో చల్లదనం రాతిగోడలను మించిపోయింది. "పని కోసం పిలిచిన్రు, పని చేసి పోత. అరకొకటి తెరువండి."

అరకొకటి తెరిచారు. ప్రతి గ్లాసునూ ఆమె తెల్లగుడ్డ ముందు పట్టి చూసింది. లేత నిమ్మపండు రంగు ముదిరి బంగారమైతే అది వయసు. బంగారం కూడా దాటి డికాషన్ రంగుకు వస్తే అది చావు. ఈ వైన్‌లన్నీ డికాషన్ రంగులోనే ఉన్నాయి. వాసన చూసింది, పుక్కిలించింది, ఉమ్మింది. పండు రుచి లేదు. పులుపు మాత్రం ఎముకలాగా మిగిలింది. ప్రతి ఉమ్ముకూ శంకరయ్య ముఖం ఒక్కొక్క చాయ తగ్గుతూ వచ్చింది.

బాపయ్య పక్కకు జరిగి చెవిలో గొణిగాడు. "బిడ్డా, జర మంచిగ చెప్పరాదు? సేట్ తొమ్మిదేండ్ల సంది ఆశ పెట్టుకున్నడు. పిలగాడు గూడ మంచోడే ఉన్నడు..."

పిలగాడు మంచివాడే. అదే చిక్కు. నాలుగు తీపి మాటలు చెపితే శంకరయ్యకు ఆశ దక్కుతుంది, తండ్రికి నిద్ర పడుతుంది, తనకు చక్కగా నవ్వే మొగుడు దొరుకుతాడు. తన నాలుక ఒక్కసారి వంకర పోతే చాలు. కాని మొదటి రోజునే అబద్ధమాడి అడుగుపెట్టిన ఇంట్లో తరువాత ఏ రోజున నిజం చెప్పగలదు?

"సేట్ గారూ," అన్నది ఆమె, "ఇవన్నీ పోయినయి. ఒక్కటి గూడ గిరాకికి ఇయ్యొద్దు. నా పేరు రాయొద్దు."

"పోయినయంటే? పాతగైనయి, అంతే గద?" శంకరయ్య లేచాడు. "తొమ్మిదేండ్లు తలుపుకు కాయ కొట్టిన!"

"పాతగయ్యుడు వేరు, పక్వానికొచ్చుడు వేరు. తెల్ల వైన్ చాలామటుకు రెండు మూడేండ్లల్ల తాగేటిదే. గట్టి పులుపున్నయి కొన్ని మాత్రం ఏండ్లు దాటినంక అందమొస్తయి. గివి అట్ల రావాల్సినవే. రాకముందే చచ్చినయి."

"ఒక్క మాట మంచిగ అంటే నీదేం పోతది పిల్లా?" ఐలమ్మ గొంతులోంచి 'బిడ్డ' మాయమై 'పిల్ల' వచ్చింది.

"పోయేటిది అదొక్కటే ఉన్నదమ్మా నా దగ్గర. మాట."

ఆమె గ్లాసులు తుడిచి పెట్టెలో సర్దింది. పైకి పోవడానికి నాలుగు మెట్లు ఎక్కింది.

వాన అప్పుడే విరుచుకుపడింది. వేసవి అంతా ఊరిని పెనం మీద వేయించిన ఆకాశం, చేసిన పనికి ఒక్కసారిగా సిగ్గుపడినట్టు కుండపోతగా కురిసింది. కరెంటు పోయింది. అభిమానవతి ఎవరైనా ఆ క్షణంలో గబగబా నడిచి వెళ్ళిపోవాలి. సుభాషిణికి గాజు గ్లాసుల పెట్టె ఉన్నది, వీధిలో చూస్తుండగానే పిక్కలదాకా నీళ్ళు నిలిచాయి. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆదర్శ్ ఎమర్జెన్సీ లైటు తెచ్చి రెండు మెట్ల కింద, దూరం పాటిస్తూ కూర్చున్నాడు.

"ఒకటి అడుగుత," అన్నాడు. "ఎందుకు చచ్చినయి?"

ఆ ప్రశ్న ఆమె అనుకున్నది కాదు. 'ఎందుకు చెప్పారు' అని అడుగుతాడనుకున్నది.

"బిరడా ఎండిపోయింది. సీసాను పండబెడితే వైన్ బిరడాకు తగిలి తడిగ ఉంచుతది. నిలబెడితే బిరడా ఎండి సన్నమైతది, గాలి లోపలికి పోతది. ఎవరు నిలబెట్టిన్రు గిట్ల?"

కింద నుంచి శంకరయ్య గొంతు వచ్చింది, ఎంతో గాయపడి: "నూనె అమ్మినోళ్ళం మేం! మా దుకాన్ల పారేటిదేదీ పండబెట్టం. మా తాత కాలం సంది గదే కాయిదా!"

ఆదర్శ్ ఆమె వైపు చూశాడు, మెట్ల కింది చీకటి వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"పప్పా, ఆ పెట్టె ఏమైంది?"

"ఏ పెట్టె?"

"నేను పడేసిన పెట్టె."

శంకరయ్యకు వెంటనే గుర్తుకు వచ్చింది. ఎందుకంటే ఆయన దాన్ని ఒక్కనాడు మరిచింది లేదు. సీలు వేయడానికి వస్తున్నారని తెలిసిన పొద్దున, సరుకు సర్దమంటే, ఇరవై ఆరేళ్ళ ఆదర్శ్ క్రికెట్ మ్యాచ్‌కు ఆలస్యమవుతున్నదని చివరి పెట్టెను మెట్ల కిందికి అడ్డంగా తోసి పరుగెత్తాడు. 'పెట్టె నిలబెట్టరానోడికి హోటల్ ఎట్ల అప్పజెప్పాలె' అని తండ్రి తొమ్మిదేళ్ళుగా అంటూ వచ్చాడు. హోటల్ తాళాలు ఇప్పటికీ తండ్రి మొలతాడుకే ఉన్నాయి.

ఆదర్శ్ పెట్టెను ఈడ్చుకొచ్చాడు. అందులోని సీసాలు ఆరింటికీ కుంకుమ కూడా చెదిరిపోయి, నిద్రపోతున్నవాళ్ళ మల్లే పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒకటి తెరిచేటప్పుడు బిరడా ముక్కలు కాలేదు. తడిగా, నిండుగా, చిన్న చప్పుడుతో వచ్చింది. ఆ చప్పుడుకు సుభాషిణి ముఖం మారింది. కోపం ఉన్నది, పోలేదు. అది వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నది.

గ్లాసులో పోసింది. గట్టి బంగారం రంగు. వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఇదీ పోయిందా?" ఐలమ్మ నిట్టూర్చింది.

"లేదు. వాసనే లేదు."

"వాసనే లేకుంటే ఇంకేమున్నట్టు?"

"మంచి తెల్ల వైన్‌కు నడుమ ఒక కాలమొస్తదమ్మా. చిన్నప్పటి పండు వాసన పోతది, పెద్దదయినంక వచ్చేది ఇంకా రాదు. అప్పుడు ఏం పలకదు. తొందరపడేటోళ్ళు చచ్చిందనుకొని పారబోస్తరు." ఆ చివరి మాట దగ్గర ఆమె ఐలమ్మను చూడలేదు. చూడవలసిన అవసరం కలగలేదు. "గ్లాసుల పోసి గాలి తగలనియ్యాలె. చచ్చినదైతే గాలికి ఇంకింత పాడైతది. బతికున్నదైతే లేస్తది. ఆగుదాం."

ఆగారు. బాపయ్య బావి అలవాటు కొద్దీ పైకప్పును ఒకసారి పరిశీలించి, నిలబడుతుందని నమ్మకం కుదిరాక గోడకు ఆనుకుని కునుకు తీశాడు. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు నిందించుకోవడంలో మునిగారు. మెట్ల మీద గ్లాసు, గ్లాసుకు అటొకరు ఇటొకరు.

"కోపం పోయిందా?"

"లేదు."

"పోకున్నా పర్వా లేదు, వినండి. ఏడు చూపులకు పోయిన. ఏడుసార్లు అత్తమ్మే మాట్లాడింది, అత్తమ్మే వద్దన్నది. నేను బజ్జీలు తిన్న. గంతే నా పని." అతడు చొక్కా మీది మరకను గోటితో గీకాడు. "ఏడోసారి ఆ పిల్ల నా దిక్కు చూసిన చూపు ఇంకా యాదికున్నది. ఇంక పోను, ఎవలన్న వచ్చి నన్నే చూసిపోతే చూసిపోనీ అన్న. మీరొస్తరన్నరు. సంతోషపడ్డ. చెప్పకుండ రప్పిస్తున్నరని తెల్సి గూడ ఊకున్న. గది తప్పే."

"మీరు చూడనీకి రాలేదంటరు?"

"లేదు. కూసున్న. మీరు పొద్దటి సంది అన్నీ ఉమ్ముతున్నరు. నన్ను గూడ ఉమ్మేస్తరేమోనని చూస్తున్న."

సుభాషిణికి పెదవులు బిగించుకోవడం కష్టమైంది. బిగించుకోవడంలో ఆమెకు పదేళ్ళ అనుభవం ఉన్నా కష్టమైంది. గ్లాసు చేతిలోకి తీసుకుని, అవసరం లేకపోయినా తిప్పింది. ముక్కు దగ్గర పెట్టింది.

అప్పుడు వాసన లేచింది.

ఆమె గ్లాసు అతనికి ఇచ్చింది. "చెప్పండి."

అతడు కళ్ళు మూసుకున్నాడు. "తేనె. ఎండిన సంత్రా తొక్క..." ఆగి, కళ్ళు తెరిచాడు. "ఇప్పపువ్వు. ఆరబోసిన ఇప్పపువ్వు మీద పొద్దుగాల వాసనొస్తది చూడండి, గది."

ఇప్పపువ్వు ఆమెకు తట్టలేదు. నాసిక్‌లో పదేళ్ళున్న నాలుకకు తట్టనిది ఇతనికి తట్టింది. ఆమె కొంచెం అసూయపడింది, తరువాత గ్లాసు వెనక్కు తీసుకుని గుక్క వేసింది. నోట్లో ఇటూ అటూ తిప్పింది. కళ్ళు సగం మూతపడ్డాయి.

ఐలమ్మ అలవాటుగా పీక్‌దాన్ ముందుకు జరిపింది.

సుభాషిణి దాన్ని చేత్తో పక్కకు జరిపి, మింగింది.

శంకరయ్య బాపయ్యను తట్టి లేపాడు. "ఏమైందన్నా? మింగింది. అంటే ఏంది?"

బాపయ్యకు వైన్ గురించి ఏమీ తెలియదు. కూతురి ముఖం చూశాడు. ఏమీ తెలియవలసిన అవసరం లేకపోయింది. నిండు నవ్వుతో చొక్కా సర్దుకున్నాడు.

ఐలమ్మ అంతకన్న చురుకైన మనిషి. ఇందాక మాయమైన 'బిడ్డా'ను మళ్ళీ నోటికి తెచ్చుకుని, పళ్ళెం ఎత్తుకుని వచ్చేసింది.

"ఇంకా టైం గాలేదమ్మా," అన్నది సుభాషిణి.

"మరెప్పుడైతదే?"

"మిగిలిన అయిదు సీసాలు పండబెట్టే ఉంచండి. ఎవరూ ముట్టొద్దు. దసరాకు హోటల్ తెరిచిన్నాడు వచ్చి ఒకటి చూస్త. గాలోపట..." ఆమె ఆదర్శ్ వైపు తిరిగింది. "నాసిక్ రండి. ఉమ్ముడు నేర్చుకోవాలె మీరు. చొక్కాలు ఎక్కువ తెచ్చుకోండి."

"ఎన్ని?"

"ఎన్ని రోజులుంటరో గన్ని."

"లీవ్ దొరకాలె గద," అని అతడు తండ్రి వైపు చూశాడు. శంకరయ్య ఆ ఆరు సీసాల వైపు, తొమ్మిదేళ్ళుగా తాను తిట్టిన ఆ అడ్డపు పెట్టె వైపు చూసి, మొలతాడు నుంచి తాళాల గుత్తి విప్పి కొడుకు పక్కన మెట్టు మీద పెట్టాడు. తాళాలున్నవాడికి లీవ్ ఇచ్చేవాడు వేరే ఉండడు.

"దసరాకైన ఖాయమైతదా?" ఐలమ్మ వదలలేదు. "పక్వానికొచ్చిందో లేదో ఎవరు చెప్పాలె?"

"నేను చెప్త," అన్నది సుభాషిణి.

ఎవరి కాలం దాటిందో, ఎవరిది దాటలేదో ఇన్నేళ్ళుగా గోల్ బజార్ అంతటికీ తీర్పు చెప్పిన ఐలమ్మ ఆ జవాబుకు ఎదురు చెప్పలేదు. పళ్ళెం మళ్ళీ మూలకు తీసుకుపోయి, మీద తువ్వాలు కప్పబోయి ఆగింది. కొబ్బరికాయను చేతిలోకి తీసుకుని, పిలక పైకి ఉన్నదా కిందికి ఉన్నదా అని ఒకసారి తిప్పి చూసుకున్నది. తరువాత, ఎవరూ గమనించడం లేదనుకుని, దాన్ని జాగ్రత్తగా పక్కకు పడుకోబెట్టింది.